కోట గుమ్మం ముందు చాటింపు

ఇప్పుడు ఏ పటంలో వెతికినా కనిపించని మల్లెకొండ రాజ్యాన్ని ప్రచండవర్మ ఏలుతున్న రోజులవి. పక్కింటి పోట్లాట చెవిన పడ్డా విననట్టు తలుపు వేసుకునే మర్యాద ఉన్న కాలం. తలచుకుంటే ఇప్పటికీ మనసు అక్కడికే పోతుంది.

ఆ ఊళ్లో అక్కమాంబ అనే పెద్దావిడ పోట్లాడుకునే ఆలుమగలకు కలిసి బతకడం నేర్పేది. వాళ్లంతా పెరటి దారినే వచ్చి, చడీచప్పుడు లేకుండా వెళ్లిపోయేవారు. రాజుగారికి ఆ బడి మీద మోజు పుట్టింది. దానికి తన పేరు పెట్టి, కీర్తి పొరుగు రాజ్యాల దాకా పాకించాలనుకున్నాడు.

"బాగుపడిన జంటల ఇళ్ల ముందు ఏనుగును ఆపుదాం. డప్పు కొట్టించి, వాళ్ల కథ చాటించి, శాలువా కప్పుదాం. ఎంత గౌరవం!" అన్నాడు సభలో.

ఆ సాయంత్రం విదూషకుడు చెన్నుభట్టు ఇంటికి వెళ్తుంటే సాలెవీధి పోలమ్మ ఎదురై ఏడ్చేసింది.

"అయ్యగారూ, ఏడాదిపాటు మొగుడూ నేనూ మాట్లాడుకోలేదని మా అన్నలకు తెలిస్తే బండి కట్టుకొచ్చి నన్ను తీసుకుపోతారు. అక్కమాంబ చలవతో ఇప్పుడిప్పుడే నా కాపురం కుదుటపడిందయ్యా!"

చెన్నుభట్టు దారి పొడవునా ఆలోచించాడు. రాజుకు ఎదురు చెబితే తన తల పోతుంది. ఊరుకుంటే ఈ పిల్ల కాపురం పోతుంది.

మర్నాడు ఊరేగింపు నడిపే పని తనే అడిగి పుచ్చుకున్నాడు. ముందు డప్పులు, ఏనుగు మీద రాజు, వెనక జనం. కోట గుమ్మం దాటారో లేదో, చెన్నుభట్టు ఏనుగును ఆపించి కోటవైపు చెయ్యి చాచాడు.

"వినండహో! ఈ ఇంటి ఆలుమగలు..."

"ఆపవయ్యా!" రాజు అంబారీలో లేచి నిలబడ్డాడు. మొహం కందగడ్డయింది. మేడమీద కిటికీలో రాణిగారు చటుక్కున తెర లాగేశారు.

"నీకెవరు చెప్పారు?" అన్నాడు రాజు గొంతు తగ్గించి.

"నాకేం తెలియదు ప్రభూ! ఈ ఇంటి ఆలుమగలు చల్లగా ఉండాలి అనబోయాను. సగం మాటకే ఏలినవారికి చెమటలు పట్టాయి. సాలెవీధిలో కథంతా చాటితే వాళ్లేమైపోవాలి?"

రాజు కాసేపు గుడ్లురిమి చూసి, అంబారీ అదిరేలా నవ్వాడు.

"గడుసువాడివోయ్! మరి బడి సంగతి లోకానికి తెలిసేదెలా?"

"చెప్పాలనిపించినవాళ్లు, చెప్పాలనిపించినంత చెబుతారు ప్రభూ. మనం అడగవచ్చు. వద్దంటే నమస్కారం పెట్టి వచ్చేయాలి."

"అయితే నా కథ నేనే చెబుతా" అని రాజు నోరు తెరిచి, ఆగిపోయాడు. "ఉండు. ఇందులో సగం రాణిది. అడిగొస్తాను."

ఏనుగు దిగి లోపలికి నడిచాడు. చాలాసేపటికి తిరిగొచ్చాడు.

"ఒక్క మాటకే ఒప్పుకుంది. అక్కమాంబ పుణ్యమా అని ఇప్పుడు మేమిద్దరం మళ్లీ ఒకే పంక్తిన భోంచేస్తున్నాం."

ఎవరూ నవ్వలేదు. జనంలో ఉన్న పోలమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది.

రాజు తన భుజం మీది పట్టుశాలువా తీశాడు. "చెన్నుభట్టూ, ఇది నీకు అందరి ముందూ కప్పవచ్చునా?"

"ఇలాంటివి అడగనక్కర్లేదు ప్రభూ!"

ఊరూ, రాజూ కలిసి నవ్వారు.