రెండో పేరు

ఎనిమిది నెలల్లో సత్యదీప్ పదకొండు కంప్యూటర్లకు విముక్తి ప్రసాదించాడు. అందులో పది వెనక్కి వచ్చేశాయి.

విముక్తి అన్నది అతని మాటే. బాగుచేయమని దుకాణానికి వచ్చిన కంప్యూటర్లో, అందరూ వాడే కంపెనీ సిస్టమ్‌ను తుడిచేసి లినక్స్ వేసి పంపడాన్ని అతను అలా పిలిచేవాడు. లినక్స్ ఏ ఒక్కడి సొత్తూ కాదు. ఎక్కడెక్కడి మనుషులో కలిసి రాసి, వాడుకోండి, విప్పి చూసుకోండి, పదిమందికీ పంచండి అని వదిలేసినది. అలాంటిది ఒకటి లోకంలో ఉందని తెలిసిన రోజు సత్యదీప్‌కు రాత్రంతా నిద్ర పట్టలేదు. ఆ తర్వాత ఇంజినీరింగు చదువు మీద మనసు నిలవలేదు. ఆదోని పాత బస్టాండు వెనక సందులో, అందరూ చేతులెత్తేసిన యంత్రాలకు ప్రాణం పోస్తాడని పేరున్న దస్తగిరి సార్ దగ్గర శిష్యుడిగా చేరాడు.

పదో కంప్యూటరు ఎరువుల కొట్టు ఆయనది. బల్ల మీద పెట్టి, "పాతదే పెట్టియ్యప్పా. ఇది మంచిదే గానీ మాకొద్దు" అని చెప్పి పోయాడు.

"ఎందుకు సార్?" అన్నాడు సత్యదీప్. "పైసా అడగడం లేదు. వైరస్ లేదు. దొంగ కాపీ వాడుతున్నామన్న సిగ్గు లేదు. ఏ కంపెనీవాడికీ దండం పెట్టక్కర్లేదు. జ్ఞానం ఎవడబ్బ సొత్తూ కాదు, తీసుకోండిరా అంటుంటే, సంకెళ్లు వెతుక్కుంటూ వెనక్కి పోతారేం వీళ్లు?"

దస్తగిరి సార్ భూతద్దం కింద ఏదో బోర్డు పెట్టుకుని దుమ్ము దులుపుతున్నాడు.

"ఆ బ్రష్షు ఇట్లియ్యి" అన్నాడు.

అంతే. ఆయన జవాబులు ఎప్పుడూ ఇంతే. సత్యదీప్ బ్రష్షు ఇచ్చి, పళ్లు బిగించి, ఎరువుల కొట్టు కంప్యూటర్లో పాతది వేశాడు. అది పూర్తయ్యేదాకా తెర వైపు చూడలేదు.

ఎన్ని పోయినా పదకొండోది ఉందన్న ధైర్యం ఉండేది అతనికి. అది మాబున్ని అక్కది.

మాబున్ని రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా దస్తావేజులు టైపు చేస్తుంది. ఇరవై నాలుగేళ్లుగా అదే పని. కంప్యూటరు ఆమెది. కూర్చునే చోటు మాత్రం దస్తావేజు లేఖరి వెంకోబరావుది. ఆయన వరండాలో బల్ల, కుర్చీ, ఆయన రాసిచ్చిన చిత్తుప్రతి. ఆమె కళ్లు చిత్తు మీదే ఉంటాయి. తెర చూడదు, కీబోర్డూ చూడదు. దస్తగిరి సార్ ఒకప్పుడు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేవాడు. పదహారేళ్ల వయసులో ఆమె వేళ్లకు ఆ నడక నేర్పింది ఆయనే.

ఆమె కంప్యూటరు వైరస్ పట్టి మూలబడినప్పుడు సత్యదీప్ మూడు రోజులు దాని ముందు కూర్చున్నాడు. ఆమె వేళ్లు తడబడకూడదని, పాత దాంట్లో ఏ అక్షరం ఎక్కడుందో కొత్త దాంట్లోనూ సరిగ్గా అక్కడే అమర్చాడు. మొదటి పేజీ కొట్టి చూసి ఆమె, "తేడానే తెలీలేదప్పా" అంది. ఆ మాట అతని మెడలో పతకంలా వేలాడింది. ఎక్కడ మాట్లాడినా ఆ కథే చెప్పేవాడు. ఎవడో ఒకడు వచ్చి మళ్లీ పాతది వేసేస్తాడేమో అన్న భయం కొద్దీ, ఆమె కంప్యూటర్లో కొత్తగా ఏది చేర్చాలన్నా అడిగేలా పాస్‌వర్డ్ పెట్టి అది తన దగ్గరే ఉంచుకున్నాడు.

రెండు నెలలు గడిచాయి. ఒక గురువారం పొద్దున మాబున్ని ఆటోలో దిగింది. దుప్పట్లో చుట్టిన కంప్యూటరును ఆటోవాడు తెచ్చి బల్ల మీద దించాడు.

సత్యదీప్ ఎదురెళ్లాడు. "ఏమైందక్కా? పాడైందా?"

"ఏం కాలేదప్పా. బాగానే ఉండాది."

"మరి?"

ఆమె స్టూలు మీద కూర్చుంది. దస్తగిరి సార్ నీళ్ల చెంబు అందించాడు. తాగి, కొంగుతో మూతి తుడుచుకుని, ఎవరి గురించో చెబుతున్నట్టు మొదలుపెట్టింది.

"నిన్న పెద్దతుంబళం పార్టీ వచ్చింది సార్, పొలం అమ్మేదానికి. ఐదుగురు అన్నదమ్ములు, వాళ్ల ఆడోళ్లు, కొనేటోళ్లు. వరండా నిండిపోయింది. పన్నెండుకు రాహుకాలం. ఆ లోపల సంతకాలు పడిపోవాల. పదిన్నరకే నేను దస్తావేజు కొట్టేస్తి. తీరా అచ్చు తీద్దామంటే మా ప్రింటరు నోరు మూసుకుంది. అది దాని వయసైపోయి పోయింది లే, ఎవర్ని అంటాం. పక్కన జిరాక్సు ఖాజా పాపం వాళ్ల ప్రింటరు మోసుకొచ్చి వైరు పెట్టినాడు. పెడితే ఏందో అడిగింది. పాస్‌వర్డ్ అంట."

సత్యదీప్ తల దించాడు.

"నా పుట్టిన తేదీ కొడితి. నీ పేరు కొడితి. ఆఖరికి చచ్చిపోయిన మా ఆయన పేరు కూడా కొడితి. ఆయన బతికుండంగా ఏ పనికీ రాలే, ఇప్పుడేం వస్తాడు!" నవ్వబోయి ఆగింది. "నీకు ఫోన్ చేస్తిని. చేస్తానే ఉంటిని."

పద్నాలుగు సార్లు. ఆ సంఖ్య నిన్న మధ్యాహ్నం ఫోను తెరిచినప్పుడు చూశాడు. రేపు మాట్లాడదాంలే అనుకున్నాడు. నిన్న అతను కర్నూలులో ఒక ఇంజినీరింగు కాలేజీ వేదిక మీద ఉన్నాడు. ఆ పదకొండు గంటల వేళ వెనక తెర మీద మాబున్ని అక్క ఫోటో చూపించి, "ఈమె ఎవరికీ బానిస కాదు" అంటున్నాడు. రెండు వందల మంది పిల్లలు చప్పట్లు కొట్టారు.

"ఫైలు పెన్ డ్రైవ్‌లో పెట్టుకుని ఖాజా దగ్గర తీయాల్సింది కదక్కా!"

"అదీ చేసినాం. వాని దాంట్లో తెరిస్తే అక్షరాలన్నీ డబ్బాలు డబ్బాలు."

"పీడీఎఫ్ చేసుంటే..."

"అది యాడ నొక్కాలో నువ్వు చెప్పలేదు కదప్పా."

మాబున్ని నీళ్ల చెంబు మళ్లీ అందుకుని ఒక గుక్క తాగింది.

"పక్క బల్ల ఈరన్న వచ్చి చూసినాడు. ఇది మన ఊరి కంప్యూటర్ కాదక్కా అని పోయినాడు. నెట్ సెంటర్ పిల్లోడూ చూసినాడు. వానికీ తెలీలే. పన్నెండు కొట్టింది. రాహుకాలంలో వేలిముద్ర వేసేదే లేదని వాళ్లమ్మ, ముసలామె, లేసింది. అందరూ లేసినారు. ఆ ఐదుగురూ ఒక మాట మీదికి రావడానికి మూడేండ్లు పట్టిందంట సార్. మాపటికి చిన్నోడు అడ్డం తిరిగినాడు, నేను సంతకం పెట్టను పో అన్నాడు. బేరం పాయె."

"వెంకోబరావు గారు ఏమన్నారు?" అడిగాడు దస్తగిరి సార్.

"ఒక్క మాట అన్లేదు సార్. మంచాయన. పొద్దున పోయి చూస్తే నా కుర్చీలో ఇంకో పిల్ల ఉండాది."

సత్యదీప్ లేచాడు. దుప్పటి విప్పి వైర్లు తగిలించాడు. ఆమె కంప్యూటరుకు దుకాణంలోని ప్రింటరు కలిపాడు. తెర పాస్‌వర్డ్ అడిగింది. కొట్టాడు. ప్రింటరు గరగరమని కదిలి, నిన్నటి నుంచి వరసలో ఆగిపోయిన దస్తావేజును బయటికి తోసింది.

"చూశారా!" అరిచాడు. "ముప్పై సెకన్లు పట్టలేదు! తప్పు సిస్టమ్‌ది కాదు సార్!"

"నేను దాని తప్పు అన్లేదే" అంది మాబున్ని.

ఆమె వెచ్చగా ఉన్న కాగితాలు చేతిలోకి తీసుకుంది. అలవాటు కొద్దీ మొదటి పేజీ పైనుంచి కిందికి, తప్పులేమైనా ఉన్నాయా అని చదివింది. ఐదుగురి పేర్లూ, తండ్రి పేరూ, సర్వే నంబరూ. ఒక్క తప్పు లేదు. కాగితాలు సరిచేసి బల్ల అంచున పెట్టింది.

"సార్, ఇది అమ్మిపెట్టండి. జిన్నింగు మిల్లులో పత్తి ఏరే పని ఉండాదంట, రేపట్నుంచి రమ్మన్నారు. ఇంక ఇంట్లో ఇదెందుకు?" ఒక క్షణం ఆగి, సత్యదీప్ వైపు చూడకుండా చెప్పింది. "పాతది వేసి అమ్మండి సార్. ఇట్ల ఉంటే ఎవరూ కొనరు."

సత్యదీప్‌లో ఏదో పగిలింది.

"ఇదీ మన జనం!" అన్నాడు. "ఒక్క పాస్‌వర్డ్ కోసం మనిషిని వీధిలోకి తోసేస్తారు. ఆ వెంకోబరావుకు రాహుకాలం కావాలి, మనిషి అక్కర్లేదు. ఈరన్నకు తెలియనిది తెలుసుకుందామన్న బుద్ధి లేదు. కొత్తది చూస్తే పారిపోతారు. నేనెంత నెత్తీనోరూ కొట్టుకున్నా వీళ్లకు బానిసత్వమే ఇష్టం సార్. బానిసలు! అందరూ బానిసలే!"

మాబున్ని తన చేతుల వంక చూసుకుంటోంది.

సందులో కూరగాయల బండి ఒకటి అరుస్తూ పోయింది. దస్తగిరి సార్ భూతద్దం పక్కకు జరిపాడు. తర్వాత సొరుగు లాగి తెల్ల కాగితం ఒకటి, పెన్నూ తీసి శిష్యుడి ముందు పెట్టాడు.

"రాయి."

"ఏం రాయాలి సార్?"

"నువ్వు ఊర్లో లేని రోజు, మాబున్ని ఎవర్ని అడగాలనో వాళ్ల పేర్లు. ఆదోనిలో ఉండేటోళ్లవి రాయి. అమెరికావోళ్లవి వద్దు."

సత్యదీప్ పెన్ను అందుకున్నాడు. వేగంగా తన పేరు రాశాడు. ఊర్లో లేని రోజు అన్న మాట అప్పటికి చెవిలో పడినట్టు లేదు. పడ్డాక పెన్ను ఆగింది.

సార్ మాబున్ని వైపు తిరిగాడు. "పాత దానికైతే ఎవర్ని అడుగుతాంటివమ్మా?"

"దానికేం సార్" అంది ఆమె తేలిగ్గా. "ఖాజా ఉన్నాడు. ఈరన్న, వాని బామ్మర్ది. నెట్ సెంటర్ పిల్లోడు. తహశీల్దారాఫీసు లక్ష్మీకాంతమ్మ. మా పాప కూడా చూస్తాది, తొమ్మిదో తరగతి. ఎవరూ లేకుంటే దారిన పోయేటోన్ని పిలిచినా ఒక తన్ను తన్ని బాగుచేసి పోతాడు."

పెన్ను కాగితం మీదే నిలిచిపోయింది. సత్యదీప్ అని రాసిన చోట కింద చిన్న సిరా చుక్క పడి పెద్దదవుతోంది. ఫోరముల్లో అతని ప్రశ్నలకు జవాబులిచ్చే వాళ్లు వందల మంది ఉన్నారు. జర్మనీలో ఒకడు, బ్రెజిల్‌లో ఒకడు. అందరి పేర్లూ తెలుసు. రిజిస్ట్రారు ఆఫీసు వీధిలో కిళ్లీకొట్టు ఆయన పేరు తెలియదు.

"సార్..." అన్నాడు.

దస్తగిరి సార్ కంప్యూటరును తన వైపు తిప్పుకుని, పాత డిస్కు పెట్టాడు. తను నడక నేర్పిన చేతుల వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

"ఇది నేను చేస్తా. నువ్వు పో."

"ఎక్కడికి సార్?"

"రెండో పేరు రాసినాక రా."

సత్యదీప్ కాగితం మడిచి జేబులో పెట్టుకుని బయటికి నడిచాడు. ఎండ మండుతోంది. రిజిస్ట్రారు ఆఫీసు వీధిలో చెట్టు కింద, గోడ వెంబడి, పార్టీలు గుంపులుగా కూర్చుని ఉన్నాయి. వెంకోబరావు వరండాలో మాబున్ని కుర్చీలో కూర్చున్న పిల్ల మెడ ముందుకు చాచి, తెరను చూస్తూ, ఒక్కొక్క అక్షరమే వెతికి కొడుతోంది. ఈరన్న తన బల్ల దగ్గర్నుంచే, "అది కాదమ్మీ, కిందది నొక్కు" అని చెబుతున్నాడు. ఆ పిల్ల కిందది నొక్కింది. "ఆ, అదే" అన్నాడు ఈరన్న, తన పనిలోంచి తల ఎత్తకుండానే.

జిరాక్సు కొట్టులో ఖాజా కట్టలు కడుతున్నాడు.

"ఖాజా భాయ్" అన్నాడు సత్యదీప్. "నీకు రోజూ ఒక గంట తీరిక ఉంటుందా? లినక్స్ నేర్పిస్తాను. నిన్న మాబున్ని అక్క దాంట్లో ప్రింటరు పెట్టావు కదా, అది ఎలా చేయాలో. పెద్ద కష్టం కాదు. నేనే వస్తాను, ఇక్కడికే."

ఖాజా దారం పళ్లతో తెంపాడు. అతన్ని కాసేపు పరిశీలనగా చూశాడు. కోపం లేదు ఆ చూపులో.

"నేర్చుకునేదానికేం లేప్పా, నేర్చుకుంటా" అన్నాడు. "అయితే ఒకటి చెప్పు. ఈ వీధిలో అది వాడేది ఆ యమ్మ ఒక్కతే కదా. ఇప్పుడు ఎవరికోసం నేర్చుకోమంటావు?"

సత్యదీప్ జేబులోని కాగితం మీద చెయ్యి పెట్టి, వరండా వైపు చూస్తూ అక్కడే నిలబడిపోయాడు.