రాళ్ళ కుప్పా, ఎనిమిది మూరల గుడ్డా

అనగనగా ఒక ఊరు, అమ్మలూ. ఊరంతా నేతగాళ్ళే. తెల్లవారితే ప్రతి ఇంట్లోనూ మగ్గం చప్పుడే. అట్లాంటి ఊరికి కరువొచ్చింది. ఒక ఏడు వాన లేదు. రెండో ఏడూ లేదు. మూడో ఏడు బావుల్లో బురద కూడా ఎండిపోయింది. తినడానికే లేనప్పుడు గుడ్డ ఎవరు కొంటారు? మగ్గాలు ఆగిపోయాయి.

ఆ ఊళ్ళో చౌడమ్మ అని ఒకామె ఉండేది. మొగుడు గడ్డలు తవ్వుకొస్తానని అడవికి పోయి జ్వరంతో చనిపోయాడు. ఇంట్లో ముసలి అత్త లింగమ్మ, నాలుగేళ్ళ కూతురు బసమ్మ మిగిలారు. ముందు మగ్గం అమ్ముకు తిన్నారు. ఆ తర్వాత చింతగింజలు ఉడకబెట్టుకు తిన్నారు. ఆ తర్వాత అవీ లేవు.

అప్పుడు మన దేశాన్ని తెల్లదొరలు ఏలుతున్నారు. కరువు సంగతి చూడమని ఒక దొరను పంపారు. ఆయన చెడ్డవాడేం కాదమ్మా. లంచం ముట్టడు, ఎవరి మీదా చెయ్యి ఎత్తడు, ఎండలో తిరిగి తిరిగి మొహం కందిపోయినా నీడకు పోడు. కానీ ఆయన తన దేశంలో పేదవాళ్ళ మీద పెద్ద పుస్తకం రాశాడు. ఊరికే తిండి పెడితే మనిషి సోమరి అవుతాడనీ, సాయం కష్టంగా ఉంటేనే నిజంగా గతిలేనివాళ్ళు వస్తారనీ అందులో రాశాడు. అది ఆయన గట్టిగా నమ్మాడు.

అందుకని మూడు షరతులు పెట్టాడు. గంజి కొట్టాలు ఊరికి ఆమడ దూరంలో వేయించాడు, నడిచి రావాలి. వచ్చినవాళ్ళు చుట్టూ వేసిన కంచె దాటి పోకూడదు. పొద్దు గుంకేలోగా ఒక కుప్ప రాయి కొట్టాలి. కుప్ప తగ్గితే గంజి సగమే. పని చెయ్యలేని ముసలివాళ్ళూ పిల్లలూ ఆ గంజిలోనే పంచుకోవాలి.

చౌడమ్మ బిడ్డను చంకనేసుకుని, అత్త చెయ్యి పట్టుకుని ఆమడ దూరం నడిచింది. సుత్తి చేతికిచ్చారు. ఆమె చేతులు దారం తెగకుండా పట్టుకునే చేతులు. మొదటి రోజు బొబ్బలెక్కాయి. రెండో రోజు చిట్లాయి. మూడో రోజు సుత్తి పిడి ఎర్రబడింది. మూడు రోజులూ సగం గంజే వచ్చింది. అత్త తన వంతు కూడా బిడ్డ నోట్లో పోసి, "నాకు ఆకలి లేదులే" అని అటు తిరిగి పడుకుంది.

పక్క కుప్ప దగ్గర ఎల్లమ్మ అని వడ్డెలామె ఉంది. రాయి కొట్టడం ఆమె కులవృత్తి. మధ్యాహ్నానికే తన కుప్ప ముగించేది. నాలుగో రోజు చౌడమ్మ పక్కన వచ్చి కూర్చుని, ఆమె రాళ్ళు కూడా కొట్టేసింది. ఆ రోజు ముగ్గురూ కడుపునిండా గంజి తాగారు.

ఆ సంగతి దొర కంటబడింది. దుబాసిని పిలిచాడు. దుబాసి అంటే దొర మాట మనకూ, మన మాట దొరకూ చెప్పేవాడు.

"ఆమె పని నువ్వెందుకు చేశావు? నీకేమిస్తానంది?" అని అడిగించాడు.

"ఆమె దగ్గర ఏముంది సామీ ఇవ్వడానికి. ఆమెకు రాయి కొట్టడం రాదు, నాకు వచ్చు, అంతే" అంది ఎల్లమ్మ.

దొర ఎల్లమ్మ కొట్టిన రెండు కుప్పల వైపూ చూశాడు. అప్పుడు మెల్లగా అన్నాడు. "నీ దగ్గర ఇంకా ఓపిక మిగులుతోందంటే, నీకు పెట్టిన కుప్ప చిన్నదన్నమాట."

మర్నాటి నుంచి అందరి కుప్పలూ పెరిగాయి. ఎల్లమ్మకే పొద్దు గుంకేదాకా సరిపోయింది. సగం కడుపులతో మనుషులు ఎండలో వాలిపోతున్నారు. జబ్బు పడ్డవాళ్ళను ఒక కొట్టంలో వట్టినేల మీద పడుకోబెట్టారు. కప్పుకోవడానికి గుడ్డ లేక చలిజ్వరంతో వణుకుతున్నారు.

అప్పుడు చౌడమ్మ సుత్తి పక్కన పెట్టి దొర ముందుకు పోయింది.

"నాకు మగ్గం ఇప్పించండి. జబ్బువాళ్ళకు గుడ్డ నేస్తాను. ఒక పగటికి ఎనిమిది మూరలు నేస్తే నాకు నిండు గంజి పోయించండి. తగ్గితే నన్నూ నా బిడ్డనూ కంచె బయటికి పంపించేయండి."

దుబాసి ఆమె వైపు వంగాడు. "కొంచెం తగ్గించి చెప్పమ్మా" అన్నాడు గొంతు తగ్గించి. "చెప్పింది చెప్పినట్టే చెప్పు నాయనా" అంది చౌడమ్మ.

పరీక్ష అంటే దొరకు నచ్చింది. సరేనన్నాడు. మగ్గమూ నూలూ తెప్పించాడు. ఎల్లమ్మ పొద్దున్నే లేచి మగ్గం కింద కాళ్ళు పెట్టుకునే గుంట తవ్వింది. పడుగు, అంటే నిలువు దారాలు, మగ్గానికి ఎక్కించడానికి మూడు రోజులు పట్టింది. రాళ్ళు కొట్టలేదు కాబట్టి ఆ మూడు రోజులూ సగం గంజే. మూడో రోజు సాయంత్రం అత్త లింగమ్మ కన్ను మూసింది.

ఒక రోజు ఆగమని దొర చెప్పి పంపాడు. "ఆగితే నా బిడ్డకు రేపు కూడా సగం గంజే కదా" అంది చౌడమ్మ. తెల్లవారగానే మగ్గం గుంటలో దిగింది.

చిట్లిన వేళ్ళకు నూలు అతుక్కుంటోంది. దారం తెగుతోంది. ముడి వేస్తోంది, మళ్ళీ తెగుతోంది. మధ్యాహ్నానికి మూడు మూరలే అయింది. బసమ్మ తల్లి వీపుకు ఆనుకుని కూర్చుంది, ఏడవలేదు. సాయంత్రానికి ఆరు. రాళ్ళు కొట్టేవాళ్ళందరూ సుత్తి ఎత్తినప్పుడల్లా ఇటే చూస్తున్నారు. పొద్దు గుంకింది.

దొర స్వయంగా కొలిచాడు. ఏడు మూరలు దాటింది. ఎనిమిదికి జానెడు తక్కువ.

చౌడమ్మ ఏమీ అడగలేదు. గుంటలోంచి లేచి, బిడ్డ చెయ్యి పట్టుకుని కంచె గేటు వైపు నడిచింది. ఎల్లమ్మ సుత్తి కింద పడేసి ఆమె వెనకే నడిచింది.

"ఆగమను" అన్నాడు దొర. "జానెడే కదా, వదిలేయమని అడగొచ్చు కదా. ఎందుకు అడగలేదు?"

"ఊరికే ఇవ్వడం దొరకు ఇష్టం లేదు కదా" అంది చౌడమ్మ.

దుబాసి ఆ మాట చెప్పాడు. దొర ఆమె దగ్గరికి నడిచి వచ్చాడు. ఆ తర్వాత, "చేతులు బాగుంటే రోజుకు ఎంత నేసేదానివి?" అని అడిగాడు.

"పది మూరలు."

చేతులు చూపించమన్నాడు. ఆమె చాపింది. ఆయన చూశాడు, ఎదురుగా ఉన్న రాళ్ళ కుప్పల వైపు చూశాడు, తల దించుకున్నాడు.

మర్నాటి నుంచి నేతగాళ్ళకు మగ్గాలు వచ్చాయి. కుప్పలు పాత కొలతకు తగ్గాయి. ముసలివాళ్ళకూ పిల్లలకూ ఏ షరతూ లేకుండా వేరే గంజి పెట్టారు. అది లింగమ్మకు అందలేదు, అమ్మలూ. ఆ దొర తన పుస్తకంలో మాటలు కొట్టేశాడో లేదో కూడా నాకు తెలియదు.

కానీ ఆ సాయంత్రం ఆ గుడ్డను ఆయనే మగ్గం మీంచి కోయించి, జబ్బువాళ్ళ కొట్టంలోకి తీసుకుపోయాడు. రెండు ముక్కలు చేసి, వణుకుతున్న ఇద్దరు ముసలివాళ్ళ మీద తన చేత్తో కప్పాడు. జానెడు తక్కువైన ఆ గుడ్డ కింద ఇద్దరికీ వణుకు తగ్గి నిద్రపట్టింది.

కథ కదిలింది కంచికి,
కాళ్ళు చాపు మంచానికి,
దుప్పటి లాగు మెడదాకా,
నిద్రపో తెల్లారేదాకా.