సిద్ధయ్య మాస్టారి ముక్కు, పలికే పలక

మద్దిచెట్ల అడవిలోని బడికి ఒక పొద్దున కొత్త పలక వచ్చింది. మామూలు పలకా అది? హెడ్మాస్టరు ఏనుగమ్మంత వెడల్పు! తాకితే వెలుగుతుందట, గీస్తే రంగులొస్తాయట, అక్షరం దిద్దితే ఆ అక్షరాన్ని పైకి పలుకుతుందట! బడంతా గోలగోల. అక్షరం పలకడమేమిటని ఈ కథ చెప్పే నేనే నోరు తెరిచాను, ఇంక కోడిపిల్లల సంగతి చెప్పాలా!

పంతుళ్ళకి దాన్ని వాడడం నేర్పడానికి పక్క అడవి నుంచి గుంటనక్క వచ్చింది. మెడలో కార్డు, కళ్ళకి అద్దాలు.

"మూడు రోజులు శిక్షణ. నాలుగో రోజు పరీక్ష" అంది ఏనుగమ్మ. "పలకని పలికించలేని వాళ్ళ క్లాసు నక్కగారికి ఇచ్చేస్తాను."

ఒకటో తరగతి ఎద్దు సిద్ధయ్య మాస్టారిది. అందులో అందరూ కోడిపిల్లలే. ఆ సంగతి తెలియగానే నక్క నాలుక ఒకసారి బయటికొచ్చి లోపలికి పోయింది. పక్కనే ఉన్న కోడి టీచరమ్మ అది చూసింది.

"అన్నయ్యా, నా పిల్లలంతా నీ క్లాసులోనే ఉన్నారు" అంది.

"నేను నేర్చుకుంటాగా, చెల్లెమ్మా! నువ్వు కంగారుపడకు."

శిక్షణ మొదలైంది. నక్క పంజాతో తాకడం, పలక మీద నెమళ్ళు ఆడడం, పంతుళ్ళు చప్పట్లు కొట్టడం!

"బాబూ, నేనోసారి ముట్టుకోనా?" అన్నాడు సిద్ధయ్య.

"అమ్మో! పాడైపోతుంది మాస్టారూ. ముందు కళ్ళతో నేర్చుకోండి."

రెండో రోజూ అంతే. మూడో రోజు సిద్ధయ్య మళ్ళీ అడిగాడు.

"మీవి డెక్కలు మాస్టారూ! డెక్కకి ఇది పలకదు. మెత్తటి చర్మం తగలాలి, ఇదిగో నా పంజాలాగా" అని నక్క ముసిముసిగా నవ్వింది.

పాపం సిద్ధయ్య! ఎక్కడ తాకితే ఏమొస్తుందో మూడు రోజులూ రెప్ప వెయ్యకుండా చూసి గుర్తుపెట్టుకున్నాడు.

నాలుగో రోజు వచ్చేసింది. పిల్లలు వరుసగా కూర్చున్నారు. వాళ్ళ వెనకే కోడి టీచరమ్మ.

"సిద్ధయ్య మాస్టారూ, 'అ' దిద్దండి" అంది ఏనుగమ్మ.

"కాలు పెట్టండి మాస్టారూ, సిగ్గెందుకు?" అంది నక్క.

సిద్ధయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు. "అక్షరాలుండే చోట కాలా! నావల్ల కాదమ్మా."

"ఓడిపోయాడు! పిల్లలూ, పదండి నాతో!" నక్క గంతేసింది.

"ఉండు బాబూ. మొదటిసారి దగ్గరికెళ్తున్నా, కళ్ళకద్దుకోనీ."

మాస్టారు తల వంచి పలకని కళ్ళకద్దుకోబోయాడు. కళ్ళకంటే ముందు ఆయన తడిముక్కు తగిలింది.

భళ్ళున వెలిగింది పలక!

సిద్ధయ్య ఉలిక్కిపడ్డాడు. మళ్ళీ ముక్కు ఆనించాడు. మెల్లగా తిప్పాడు. ఎర్రటి 'అ' పూసింది. "అ!" అని పలక పలికింది. పిల్లలు ఎగిరి గంతేశారు!

"మాస్టారూ, మాస్టారూ, మేమూ!"

"రండి, రండి! అందరూ రండి!"

ఒక కోడిపిల్ల ముక్కుతో టక్ టక్ పొడిచింది. పలకలేదు. "బుగ్గ ఆనించమ్మా" అన్నాడు మాస్టారు. ఆనించి 'ఆ' దిద్దింది. "ఆ!" అంది పలక. దాంతో బడంతా బుగ్గలే!

"ఆపండి! పాడైపోతుంది!" అని అరిచింది నక్క.

"పాడవలేదే?" ఏనుగమ్మ తొండం ఎత్తింది. "మూడు రోజుల్లో ఎంతమంది చేత ముట్టించావయ్యా నువ్వు?"

నక్క మెల్లగా గుమ్మం వైపు జరిగింది.

"ఆయన ఒక్క గంటలో పిల్లలందరి చేతా ముట్టించాడు. క్లాసు ఆయనదే. నీకూ పని ఇస్తాన్లే. రోజూ బడి వదిలాక, పిల్లలంతా ఇళ్ళకి చేరాక, పలక మీది ముక్కుమరకలు తుడువు."

ఇప్పటికీ తుడుస్తూనే ఉంది. అన్నిటికంటే పెద్ద మరక సిద్ధయ్య మాస్టారిదే!

నేర్పేవాడు ఒక్కడే ముట్టుకుంటే అది తమాషా, నేర్చుకునేవాళ్ళు ముట్టుకుంటేనే చదువు.