మరచెంబు మెడ మీది పేరు

పనిలో చేరి ఆరేళ్లయినా ఉస్తాద్ నబీసాహెబు తనను ధర చెప్పనివ్వడం లేదని సత్యానందానికి కడుపుమంటగా ఉండేది.

బందరులో నబీసాహెబుది పాత సామాన్ల కొట్టు. ఇత్తడి బిందె గానీ పింగాణీ జాడీ గానీ, ఏది వచ్చినా సత్యానందం ముందు బోర్లించి అడుగు చూసేవాడు. అక్కడి ముద్రను బట్టి ఏ కార్ఖానాలో, ఏ కాలంలో చేశారో చెప్పేసేవాడు. అలాంటి ముద్రలు నాలుగు వందలు నోటుబుక్కులో బొమ్మలు వేసి పెట్టుకున్నాడు. ఒక్కటీ తప్పేది కాదు.

ఆ శుక్రవారం ఇక ఆగలేక, "నాకు ఇంకా రానిదేముంది ఉస్తాద్?" అని గట్టిగానే అడిగాడు.

నబీసాహెబు టోపీ సర్దుకున్నాడు. "నమాజుకెళ్లొస్తా. కొట్టు చూస్తుండు," అని వెళ్లిపోయాడు.

కాసేపటికి నాంచారమ్మ అనే ముసలామె ఒక మరచెంబు తెచ్చింది. మూత తిప్పి బిగించే, ప్రయాణాల చెంబు.

"మా అమ్మది నాయనా. ఎంతొస్తుందో చూసిపెట్టు. అమ్మేదీ మానేదీ బజారుకెళ్లొచ్చి చెబుతాను," అంది.

అడుగున ముద్ర చూసి సత్యానందం పొంగిపోయాడు. అరుదైన సరుకు. వెంటనే నోటుబుక్కులోకి ఎక్కించాడు. మెడ చుట్టూ మాత్రం ఉలితో కొట్టించిన చుక్కల అక్షరాలున్నాయి. ఇళ్లలో సామానుకి పేర్లు కొట్టించడం మామూలే. పట్నం నుంచి వచ్చి కొనేవాళ్లకు అవి గిట్టవు. ఆకురాయి అందుకుని మెడంతా నున్నగా రాసేశాడు. ఒక్కమాట అడగాలని కూడా తోచలేదు ఆ మహానుభావుడికి!

నబీసాహెబూ నాంచారమ్మా ఒకేసారి తిరిగొచ్చారు.

"అమ్మను. ఇచ్చెయ్ నాయనా," అని ఆమె చెంబు తీసుకుంది. అలవాటుగా బొటనవేలితో మెడ తడిమింది. చుట్టూ తిప్పి మళ్లీ తడిమింది.

"నా అక్షరాలేవి?"

"తీసేశానమ్మా. ఇప్పుడు రెట్టింపు పలుకుతుంది."

"ఎవడు తియ్యమన్నాడ్రా నిన్ను?" ఆమె కేక వీధి చివరిదాకా వినబడింది. "నాకు చదువు రాదు. నేను పోల్చుకోగలిగిన అక్షరాలు అవొక్కటే. మా అమ్మ నా వేలు పట్టుకుని తన పేరు తడిమించేది, ‘ఇది నేను’ అని చెప్పేది. నీ చేతులు పడిపోను!"

నబీసాహెబు మొహం కందగడ్డలా అయింది. లోపలికెళ్లి ఉలీ సుత్తీ తెచ్చి సత్యానందం ముందు విసిరాడు.

"కొట్టు. ఉన్నది ఉన్నట్టు."

సత్యానందం ఉలిని చెంబు మెడకు ఆనించాడు. సుత్తి ఎత్తాడు గానీ ఏం కొట్టాలో తెలియలేదు. ఆ అక్షరాలు అతను చదవనేలేదు. గబగబా నోటుబుక్కు తెరిచాడు. ఉస్తాద్ దాన్ని లాక్కుని పైకి చదివాడు.

"అడుగున ముద్ర ఏనుగు, కింద మూడు గీతలు. మూత మర బాగుంది. మెడ మీద ఏదో పేరు."

ఆయన పళ్లు కొరుకుతూ ఆ చివరి మాట మళ్లీ చదివాడు. "ఏదో పేరు!"

సత్యానందం నాంచారమ్మ వైపు తిరిగాడు. "మీ అమ్మగారి పేరేంటమ్మా?" అని అడిగాడు.

"నీకు చెప్పను," అంది నాంచారమ్మ. అతని చేతిలోంచి చెంబు గుంజుకుని, కొంగులో చుట్టుకుని మెట్లు దిగిపోయింది.

సత్యానందం చేతిలో ఉలి అలాగే ఉండిపోయింది. నబీసాహెబు నోటుబుక్కు అతని ఒళ్లో పడేశాడు.

"ఇంకా రానిదేముందని అడిగావు కదా," అన్నాడు.