తలవంచమ్మ తల ఎత్తని కథ

పడమటి మెట్టసీమకూ తూర్పు కాలువసీమకూ నడుమ, కొండలు కాస్త కుంగి దారి ఇచ్చిన చోట తలవంచమ్మ కనుమ ఉంది. పడమటి నుంచి వచ్చే బస్సు ఎర్రమట్టి వాలు దగ్గర ఆగుతుంది. తూర్పు నుంచి వచ్చేది చింతతోపు దగ్గర ఆగుతుంది. రెండు వైపుల భక్తులూ కాలినడకన ఎక్కి, నడినెత్తిన ఉన్న ఊట దగ్గర కలుసుకుంటారు. గుడి చిన్నది, గోపురం లేదు. లోపల అమ్మవారు నల్లరాతి విగ్రహం.

ఏ ఊరి అమ్మవారైనా భక్తుని కళ్లలోకి చూస్తుంది. ఈ తల్లి చూడదు. గడ్డం రొమ్ముకు ఆనేంతగా తల వంచి, చూపు తన పాదాల మీదే నిలుపుకొని ఉంటుంది. మొదటిసారి వచ్చినవారు దాన్ని కరుణ అనుకుంటారు, ధ్యానం అనుకుంటారు. పాత కరపత్రాలలో అలాగే అచ్చయింది కూడా. కానీ పెద్దలు చెప్పే కథ వేరు. అమ్మ సిగ్గుతో తల వంచుకుంది. ఆ సిగ్గు మనది. మనం మొయ్యలేదు కనుక ఆమె మోస్తోంది.

పూర్వం ఇక్కడ అమ్మవారు తలెత్తుకొనే ఉండేది. అప్పటి పేరు కనుమమ్మ. కనుమ ఎక్కినవారు ఎవరైనా ఊటకు ముందున్న బండ మీద నిలబడి ఒక సామెత చెప్పాలి: ‘వచ్చినోళ్లకు నీళ్లు, పోయేటోళ్లకు దారి.’ అది చెప్పినవారికి నీళ్లు లేవనకూడదు. వారి ఊరేది, కులమేది అని అడగకూడదు. అమ్మ ముందు పెట్టుకున్న కట్టుబాటు అది.

సామెత ఒక్కటే అయినా పలికే తీరు రెండు విధాలు. మెట్టసీమవారు చివరి మాటను పైకి లేపి, సాగదీసి వదులుతారు. ఆ పక్కన అది వేడుకోలు. మా దాహం తీర్చండి, మీ చోటు మాకొద్దు, మా దారిన మేం పోతాం అని దాని భావం. కాలువసీమలో మాట చివర గొంతు లేపితే కయ్యానికి పిలిచినట్టు. అక్కడి చెవికి అదే సామెత, నీళ్లు పెట్టి దారి విడవండి, ఎవడు ఆపుతాడో చూస్తాం అన్నట్టు ఉంటుంది. వారు ఆ మాటను కుదురుగా, తెంపి పలుకుతారు. ఈ తేడా రెండు వైపులకూ తరతరాలుగా తెలుసు. తెలిసే, ఒకరినొకరు మన్నించుకొని నీళ్లు పోసుకున్నారు.

ఒక కరువు ఏట ఊట సన్నబడింది. అప్పుడు ఊట కాపలా కాలువసీమకు చెందిన కోటిలింగం చేతిలో ఉండేది. పడమటివారిని తిప్పి పంపాలని అతనికి ఉంది, కట్టు అడ్డం వచ్చింది. అందుకని ఒక ఉపాయం పన్నాడు. సామెతను సరిగ్గా పలికినవారికే నీళ్లు అన్నాడు. సరిగ్గా అంటే తనలా. పెత్తనం ఎక్కడైనా ఈ దారినే నడుస్తుంది. నీకు హక్కు లేదని ముఖాన చెప్పే ధైర్యం దానికి ఉండదు, నీ నోరు బాగాలేదంటుంది.

అలాంటి రోజుల్లో మెట్టసీమ నుంచి సుంకమ్మ అనే గొర్రెల కాపరి మందతో కనుమ ఎక్కింది. భర్త పోయాక ఆ మందే ఆమె పొలం, ఆమె ఇల్లు. బండ మీద నిలబడి, కొంగు భుజాన సర్దుకొని సామెత చెప్పింది. కాపలా మగవాళ్లు గొల్లున నవ్వారు.

“ఏంటమ్మోయ్, దారిని అంత సాగదీశావు! కొండ దిగేదాకా సరిపోద్దా?” అన్నాడొకడు.

“మామీదకే సవాలా?” అన్నాడు కోటిలింగం.

“సవాలేంది సామీ? మా యమ్మ ఇట్లే అనె, మా యవ్వ ఇట్లే అనె. పోయినేడు నేనంటే నువ్వే గదా తొట్టి నింపితివి!”

కోటిలింగం ముఖంలో నవ్వు ఒక్క క్షణం తడబడింది. “అప్పటి మాట అప్పుడే. ఇప్పుడు సరిగ్గా అను” అన్నాడు.

ఆమె మాటను తెంపి పలకబోయింది. అలవాటు లేని గొంతు మధ్యలో విరిగింది. మళ్లీ నవ్వులు. మళ్లీ అను అన్నారు, ఆమె అంది. ఇంకోసారి అన్నారు, అంది. గొర్రెలు నీటి వాసన పట్టి, తొట్టిలోని పొడి రాతిని నాకుతున్నాయి.

ఆ వేళకు కోటిలింగం తల్లి శేషమ్మ కొడుక్కి సద్ది తెచ్చింది. ఆమె కాలువసీమకు కోడలిగా వచ్చిన మెట్టసీమ పిల్ల. పుట్టింట ఆమె పేరు గిడ్డమ్మ. అత్తవారింట మొదటి పూటే పేరుకూ యాసకూ నవ్వులు రేగాయి. పేరు వారు మార్చారు. యాసను ఆమే చంపుకుంది. ఇప్పుడు కాలువసీమవారికంటే కుదురుగా మాట్లాడుతుంది. ఆమె పుట్టుక సంగతి ఊరు మరిచిపోయింది, ఊరు మరవాలనే ఆమె బతికింది.

తొట్టి పక్కన ఒక గొర్రెపిల్ల మోకాళ్ల మీద కూలింది. శేషమ్మ తెలియకుండానే వంగి, “రాయే, నా బంగారూ…” అంది. ఆ చివరి దీర్ఘం పడమటిది. సుంకమ్మ చటుక్కున తల తిప్పింది.

“యమ్మా, నువ్వు మా పక్కదానివి గదా! ఈ మాటకు అర్థమేందో నువ్వన్నా చెప్పు తల్లీ ఈళ్లకు.”

అందరూ శేషమ్మ వైపు చూశారు. ఆమె సద్దిమూట దించి, చేతులు తుడుచుకుంది.

“నాకా మాట రాదమ్మా” అంది.

“రాకుంటే నువ్వేం జేస్తావులే తల్లీ” అని సుంకమ్మ మందను వెనక్కి మళ్లించింది.

మర్నాడు తెల్లవారుజామున గుడి వాకిలి చిమ్ముతూ శేషమ్మ గడప మీద కునికింది. కలలో కనుమమ్మ పలికింది. ఆ పలుకు అచ్చంగా మెట్టసీమది.

“నన్ను గూడ ఆ పక్కనుంచే మోసుకొచ్చినారు గిడ్డమ్మా. నాకు దీపం పెడ్తారు, నా మాటకు నవ్వుతారు. నువ్వు గూడ రాదంటివి. ఇంక నేను మొగమెట్లెత్తుకోవల్ల?”

శేషమ్మ ఉలిక్కిపడి లేచి గర్భగుడిలోకి చూసింది. విగ్రహం తల వంచుకొని ఉంది.

ఆమె వెళ్లి బండ ఎక్కింది. తన తల్లి ఎలా పలికేదో అలాగే, చివర లేపి, సాగదీసి సామెత చెప్పింది. కోటిలింగం అటు తిరిగి తొట్టి కడుగుతున్నాడు. అలవాటుగా నవ్వి, “మళ్లీ అను” అంటూ ఇటు తిరిగాడు. బండ మీద తల్లి ఉంది. పసితనంలో, చుట్టూ ఎవరూ లేనప్పుడు, తనను ఊరడించిన గొంతు అది.

ఆమె అతనితో ఏమీ అనలేదు. కడవ ముంచుకొని పడమటి వాలు దిగింది. దారి పొడవునా గొర్రెలు పడి ఉన్నాయి. ఒక బండ నీడన సుంకమ్మ కూర్చొని ఉంది, ఒడిలో ఒక్క పిల్ల మిగిలింది. శేషమ్మ ఆమె కాళ్ల దగ్గర కడవ దించి, “తాగు తల్లీ” అంది, పుట్టింటి యాసలో.

సుంకమ్మ ముందు గొర్రెపిల్లకు తాపింది. తర్వాత తాను తాగింది. మూతి తుడుచుకొని, “ఇప్పుడొచ్చిందా మాట?” అని అడిగింది.

శేషమ్మ తల వంచుకుంది. సుంకమ్మ ఆమెను లేపి కౌగిలించుకుందని కొందరు కలిపి చెబుతారు. అది మన మనసు తేలిక కావడానికి మనం అల్లుకున్న ముక్క. పాత కథ వంచిన తలతోనే ఆగుతుంది.

కోటిలింగం తన ఉపాయాన్ని తానే రద్దు చేశాడు. అతను పెట్టిన ఆచారం నేటికీ నడుస్తోంది. భక్తుడు బండ మీద నిలబడి తన ఇంటి యాసలో సామెత చెప్పాలి. నీళ్లు పోసేవాడు తల వంచుకొని, “మీ పక్క దీని అర్థమేమిటి?” అని అడగాలి. చెప్పింది పూర్తిగా విన్నాకే చెంబు వంచాలి. సామెతను రాతి పలక మీద చెక్కించాలని ఒకసారి ప్రయత్నం జరిగింది. చెక్కితే అందరూ ఒకే తీరున చదువుతారని రెండు వైపుల పెద్దలూ వద్దన్నారు.

ఇప్పటికీ కొందరు, ముఖ్యంగా చదువుకున్న పిల్లలు, పక్కనున్నవారు వింటారని సామెతను పుస్తకంలో ఉన్నట్టు పలుకుతారు. అప్పుడు చెంబు వంగదు. “మీ అమ్మ అన్నట్టు అను నాయనా” అంటాడు నీళ్లు పోసేవాడు. వెనుక వరుస ఎంత పొడవున్నా ఆగుతుంది. సిగ్గుపడాల్సింది ఆ పిల్లలు కాదు, వారికి ఆ సిగ్గు నేర్పిన బడులు, సర్కారు కచేరీలు, పెళ్లిపందిళ్లు. ఏ యాసకూ మరో యాస దొర కాదు.

ఈ ఊట నీరు తాగితే మాట రాని పసివారికి మాట వస్తుందని, అత్తింట నోరు మూగబోయిన ఆడపిల్లకు గొంతు తిరిగొస్తుందని నమ్మకం. ప్రసాదం ఇచ్చేటప్పుడు పూజారి శతమానం భవతి అనడు. ప్రతి ఒక్కరినీ సుంకమ్మ ప్రశ్నే అడుగుతాడు: “ఇప్పుడొచ్చిందా మాట?”

భక్తులు తల వంచి, కొండ దిగుతారు. ఈ క్షేత్రంలో అదే నమస్కారం.