సముద్రం దాకా నడిచిన గానుగెద్దు

గానుగ ఆగిపోయింది గానీ గానుగెద్దు భద్రయ్య ఆగలేదు. ఊళ్ళోకి కరెంటు మిల్లు వచ్చాక నువ్వులన్నీ అటే వెళ్ళిపోయాయి. యజమాని మంచివాడు కాబట్టి భద్రయ్యని సంతకి తోలకుండా చావిట్లోనే ఉంచి, వేళకి గడ్డీ కుడితీ పెట్టించేవాడు. అయినా భద్రయ్యకి కుదురు లేదు. పొద్దున్నే లేచి, కళ్ళు గట్టిగా మూసుకుని, గడ్డివాము చుట్టూ తిరుగుతుండేవాడు. గానుగ దగ్గర కళ్ళకి గంతలు కట్టి తిప్పేవారు కదా, గంతలు ఊడిపోయినా కళ్ళు మూసుకునే అలవాటు మాత్రం పోలేదు. దూడలు చూసి నవ్వుకునేవి.

అదే పెరట్లో చుక్కమ్మ అనే ముసలి కోడిపెట్ట ఉండేది. గుడ్లు పెట్టడం మానేసి చాలాకాలమైంది. తన పిల్లల్నే కాక ఇరుగుపొరుగు కోళ్ళ పిల్లల్నీ, ఒకసారి పొరపాటున బాతుపిల్లల్నీ కూడా పొదిగి పెంచిన ఘనత ఆవిడది. ఇప్పుడు పొదగడానికి ఏమీ లేక, ఊరికే కూర్చుంటే కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయని రోజంతా సణుగుతుండేది.

ఒకనాడు వలస తిరిగే కొంగ ఒకటి వాము మీద వాలి ఒక కబురు చెప్పింది. సముద్రానికి అవతల ఒక దీవి ఉందట. అక్కడి ఇసకలో సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెట్టి వెళ్ళిపోతాయట. ఆ గుడ్లు పిల్లలై నీళ్ళలో పడేదాకా కాపలా కాసేవాళ్ళు కావాలి. పడుచువాళ్ళెవరూ దొరకడం లేదు, ఎవరి పనులు వాళ్ళకున్నాయి. అందుకని కొంగే ఊరూరా తిరిగి, పని నుంచి దిగిపోయిన పెద్దవాళ్ళని బతిమాలుతోంది. జీతం లేదు, మేత ఉంది. కొబ్బరికాయల పడవలో చోటు కూడా చూసిపెట్టిందట.

పరాయి దేశం, ఈ వయసులో ఎందుకని పెరట్లో అందరూ అన్నారు. చుక్కమ్మ మాత్రం మాట పూర్తయ్యేలోపే ఎగిరి భద్రయ్య మూపు మీద కూర్చుంది. యజమాని తడిక తీసి, పోయి రమ్మన్నట్టు భద్రయ్య వీపు తట్టాడు. పడవలో కూడా మనవాడు కళ్ళు మూసుకుని తెరచాప కొయ్య చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. దీవి వచ్చేసరికి చూసేవాళ్ళకి కళ్ళు తిరిగాయి గానీ ఆయనకి ఏమీ కాలేదు.

వాళ్ళు దిగే వేళకి గట్టు మీద తాబేలమ్మ ఎదురుచూస్తోంది. గుడ్లన్నీ ఇసకలో పూడ్చి, అలిసిపోయి, కళ్ళలోంచి నీరు కారుతూ ఉంది.

"నేను గట్టు మీద ఉండలేనయ్యా. నా బతుకు నీళ్ళలో," అంది. "పిల్లలు నీళ్ళలో పడితే వాళ్ళ తంటాలు వాళ్ళు పడతారు. గూటిలోంచి నీటిదాకా ఉన్న ఈ కాస్త దూరంలోనే ప్రతి ఏడూ నా సంతానం పోతోంది. ఈ కాస్తా దాటించండి చాలు."

భద్రయ్య ఒక అడుగు ముందుకేశాడు. తనని ఎవరైనా ఒక పని అడిగి ఎన్నాళ్ళయిందో.

"దాటిస్తామమ్మా," అన్నాడు. "నువ్వు నిశ్చింతగా వెళ్ళు."

ఆ దీవిలో మేనేజరు అనిపించుకునే నక్క ఒకటుంది. ఆ పదవి దానికి ఎవరిచ్చారో ఎవరికీ తెలియదు. వచ్చినవాళ్ళకి ఎదురెళ్ళి, కొబ్బరి ముక్కలు పెట్టి, నీడ చూపించి, మావయ్యా పిన్నీ అని వరసలు కలిపేసింది. పోయిన ఏడాది గుడ్లు ఏమయ్యాయని చుక్కమ్మ అడిగితే, ఏం చేస్తాం, గాలి మంచిది కాదని నిట్టూర్చింది. పొట్ట మాత్రం ఆ గాలికి బాగానే పెరిగినట్టుంది.

అయితే ఈసారి నక్క ఆటలు సాగలేదు. చుక్కమ్మ గూళ్ళ మీద ఒకదాని తర్వాత ఒకటి కూర్చుంటూ, ఎక్కడ ఇసక గీసిన చప్పుడైనా దీవి అంతా వినపడేలా గోల చేసేది. ముక్కు కూడా తక్కువది కాదు. రెండుసార్లు చెవి మీద పొడిపించుకున్నాక నక్క తవ్వడం మానుకుని, మొగలి పొద కింద పడుకుని ఆలోచనలో పడింది. అప్పుడు దానికి భద్రయ్య నడక కనిపించింది.

మర్నాడు ఎంతో వినయంగా వచ్చింది.

"మావయ్యా, నీ నడక చూస్తుంటే నా కడుపు నిండిపోతోంది. అదేదో గూళ్ళ చుట్టూ తిరుగుదూ, ఏ దొంగా దగ్గరికి రాడు. వట్టి మెడతో తిరిగితే నీకు తోచదేమో, ఇదిగో, ఈ దుంగ లాగు."

అలలకి కొట్టుకొచ్చిన బరువైన దుంగ అది. పాత వల తాడు దానికి చిక్కుకుని ఉచ్చులా వేలాడుతోంది. భద్రయ్య అందులో మెడ పెట్టి చూసుకున్నాడు. అచ్చం కాడిలాగే ఉంది. ప్రాణం లేచొచ్చింది.

"ఇసక రేగుతుంది, కళ్ళు మూసుకునే తిరుగు మావయ్యా," అని నక్క మరీ మరీ చెప్పింది.

ఆ మాట ఆయనకి చెప్పాలా? ఆ రోజు నుంచి భద్రయ్య తాబేటి గూళ్ళ చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. కాళ్ళు ఇసకని అణగతొక్కాయి, వెనక దుంగ దాన్ని గీరుకుంటూ వచ్చింది. గూళ్ళ చుట్టూ గుండ్రంగా ఒక గాడి పడింది, రోజురోజుకీ లోతయింది. చుక్కమ్మ చూసింది కూడా. కందకం ఉంటే దొంగలకి అడ్డం కదా, భద్రయ్యన్న తెలివిగానే చేస్తున్నాడని మురిసిపోయింది. ఇద్దరూ సుఖంగా ఉన్నారు. పగలంతా పని, పొద్దుగూకితే ఊరి కబుర్లు, కొబ్బరాకుల గాలి. నక్క కూడా సుఖంగానే ఉంది, పొద కింద పడుకుని ఆ గాడి లోతు చూసుకుంటూ.

ఒక మధ్యాహ్నం మబ్బు పట్టి ఇసక చల్లబడింది. గుడ్లు పగిలే వేళ అయిందని నక్క ముక్కుకి తెలిసిపోయింది. వెంటనే దీవి ఆ చివర ఉన్న చుట్టాలని విందుకి పిలవడానికి బయల్దేరింది. ఒక్కతే తినొచ్చుగా అంటారేమో. మేనేజరు కదా, దర్జా చూపించుకోవద్దూ?

అది అటు వెళ్ళగానే ఇసకలోంచి ఒక తాబేలు పిల్ల తల బయటపెట్టింది. అందరికంటే తొందర ఎక్కువైనది. అరచేతిలో పట్టేంత పిల్ల, సముద్రం వైపు గబగబా పాకి, గాడిలో దబ్బున పడింది. గోడ ఎక్కబోయి జారింది. మళ్ళీ ఎక్కబోయి మళ్ళీ జారింది. ఇక చేసేదిలేక గాడి వెంట గుండ్రంగా పాకడం మొదలుపెట్టింది. ఎదురుగా భద్రయ్య వస్తున్నాడు, కళ్ళు మూసుకుని.

"అన్నా, ఆగు," అంది చుక్కమ్మ. "కళ్ళు తెరువు."

ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆపి భద్రయ్య కళ్ళు తెరిచాడు. ఆ కాలి కిందే పిల్ల ఉంది. మెల్లగా కాలు వెనక్కి పెట్టుకుని, చుట్టూ చూశాడు.

"ఈ గొయ్యి ఎవరు తవ్వారు చెల్లెమ్మా?"

చుక్కమ్మ ఉన్నది ఉన్నట్టు చెప్పింది. "నువ్వే అన్నా."

భద్రయ్యకి అంతా అర్థమైంది. దుంగ ఎందుకు దొరికిందో, కళ్ళు మూసుకోమని ఎందుకు అన్నదో, నక్క పొద కింద ఎందుకంత నిబ్బరంగా ఉందో. పిల్లలన్నీ వచ్చి ఇందులో పడితే విస్తట్లో వడ్డించినట్టే. తల్లికి మాటిచ్చి, ఆమె బిడ్డలకి తన కాళ్ళతోనే గొయ్యి తవ్విపెట్టాడు. జీవితంలో ఎప్పుడూ అంత సిగ్గుపడలేదు.

చుక్కమ్మ గాడిని పూడ్చబోయింది. అంచులు ఎద్దు తొక్కిడికి గట్టిపడిపోయి గోళ్ళకి రాలడం లేదు. వెనక గూళ్ళ మీద ఇసక అక్కడక్కడా కదులుతోంది.

"పూడ్చడానికి టైము లేదు," అన్నాడు భద్రయ్య. "దారి చేద్దాం. నా కొమ్ముల మధ్య కూర్చో. నేను వంకర తిరిగితే పొడువు."

ఆ పిల్లని గాడిలో ఒక పక్కకి జరగమని, గాడిలోంచి బయటికి అడుగేసి, దుంగ ఈడుస్తూ సముద్రం వైపు నడిచాడు. అనుకున్నంత తేలిక కాదు. పుట్టి బుద్ధెరిగాక ఆయన తిన్నగా నడిచింది లేదు. కాళ్ళు వాటంతటవే ఎడమకి తిరిగేవి, చుక్కమ్మ కుడి చెవి మీద పొడిచేది. కళ్ళు మూతలు పడబోయేవి, ఈసారి రెండు చెవులూ పొడిచేది. పోయి, వచ్చి, మళ్ళీ పోయి, ఒగరుస్తూ లాగాడు. గాడి అంచు తెగింది. అక్కడినుంచి నీటిదాకా తిన్నగా, వాలుగా కాలవలాంటి దారి పడింది. తొందరపడి పుట్టిన పిల్లే ముందుగా ఆ దారి పట్టి, అల తగలగానే మాయమైపోయింది.

పొద్దు వాలే వేళకి నక్క చుట్టాలతో సహా దిగింది. గూళ్ళున్న ఇసక దిబ్బకి వెనకవైపు, సముద్రం కనపడని చోట, మొగలి పొద పక్కన గాడి ఒడ్డున అందరినీ వరసగా కూర్చోబెట్టింది. పిల్లలు గాడి వెంట తిరిగి తిరిగి మన ముందుకే వస్తాయి, నోరు తెరిస్తే చాలు అంది. చుట్టాలు నోళ్ళు తెరిచారు.

దిబ్బకి ఇవతల ఇసక ఉడుకుతున్నట్టు కదిలి పిల్లలు బయటపడ్డాయి. ఒకదాని మీద ఒకటిగా గాడిలో పడటం, కాస్త అటూ ఇటూ తడుముకోవడం, దారి దొరకగానే బిలబిలమంటూ సముద్రానికి జారిపోవడం. కాలవ పక్కన భద్రయ్య కొమ్ములు దించి నిలబడ్డాడు. అటూ ఇటూ తారట్లాడే పిల్లల్ని చుక్కమ్మ రెక్కలతో దారిలో పెట్టింది, వెనకటికి బాతుపిల్లల్ని అదిలించినట్టే.

నోళ్ళు నొప్పెట్టాక, విందు ఏదని చుట్టాలు అడిగారు. నక్క లేచి దిబ్బ చుట్టి వచ్చేసరికి ఆఖరి పిల్ల తోక నీళ్ళలో మునుగుతోంది.

"అదేంటి మావయ్యా," అంది నక్క బిక్కచచ్చిపోయి, "నువ్వు గుండ్రంగా తిరిగేవాడివి కదా."

"కళ్ళు మూసుకున్నప్పుడు," అన్నాడు భద్రయ్య.

ఆకలితో ఉన్న చుట్టాలు మేనేజరుని ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుదాకా తరిమి కొట్టారు. గాడిలో పడి దిక్కు తోచక, పాపం, ఆ నక్కే రెండు చుట్లు తిరిగింది. అటు తర్వాత ఆ దీవిలో దాన్ని మేనేజరు అని ఎవరూ పిలవలేదు.

భద్రయ్య దుంగ విడిపించుకుని నీళ్ళలోకి దిగాడు. మోకాళ్ళ దాకా అలలు తగిలి హాయిగా ఉంది. దూరంగా నీటి మీద తాబేలమ్మ తల ఒకసారి పైకి లేచి మునిగింది. ఇన్నేళ్ళ నడకలో ఒక చోటికి చేరడం ఇదే మొదటిసారి చెల్లెమ్మా అన్నాడు భద్రయ్య. చుక్కమ్మ తడవకుండా ఆయన మూపు మీదే కూర్చుని, వచ్చే ఏడు కూడా వద్దామంది.

అలవాటైన కాళ్ళు ముసలితనంలోనూ పనికొస్తాయి, కళ్ళు తెరిచి నడిపిస్తే.