పైడితల్లి పెరటి దేవగన్నేరు

జగ్గప్పరాజు జమీందారీలో పైడితల్లి అనే నేతపని చేసుకునే మనిషి ఉండేది. చనిపోయిన తల్లి గుర్తుగా పుట్టింటి నుంచి దేవగన్నేరు తెచ్చి పెరట్లో వేసుకుంది. అది గుబురుగా పెరిగి ఎర్రటి పూలతో నిండిపోయింది.

ఒకనాడు పల్లకీలో పోతున్న జమీందారు దాన్ని చూశాడు.

"ఇది మా తోటలో ఉండాల్సిన మొక్క. రేపే తవ్వించుకుపోతాం" అన్నాడు.

పైడితల్లి నెమ్మదిగా, "చిత్తం దొరా. కానీ పూత మీద కదిలిస్తే చచ్చిపోతుంది. చలికాలంలో ఆకు రాల్చాక తవ్వితే బతుకుతుంది" అంది.

సరేనని వెళ్లిన జమీందారు చలికాలంలో పరివారంతో వచ్చాడు. చూడ్డానికి ఊరంతా చేరింది. మొక్కకు ఒక్క ఆకు లేదు, అన్నీ బోడి కొమ్మలే. ఆయన పకపకా నవ్వాడు.

"ఈ ఎండుపుల్లలా మాకు? అందరూ వినండి, దీన్ని పైడితల్లికే దానం చేస్తున్నాం!"

ఎండలు ముదిరేసరికి మొక్క విరగబూసింది. సంగతి తెలిసి జమీందారు మండిపడుతూ వచ్చాడు.

"మమ్మల్నే మోసం చేస్తావా?"

"ఉన్నమాటే చెప్పాను దొరా. తమరే ఊరందరి ముందూ దానమిచ్చారు. ఇచ్చిన దానం వెనక్కి పుచ్చుకుంటారా?"

అప్పటికే చుట్టూ జనం మూగారు. జమీందారు వాళ్లను చూసి వెనుదిరగబోయాడు. పైడితల్లి కొడవలితో ఒక కొమ్మ కోసి ఆయన చేతికిచ్చింది.

"ఇది నాటించుకోండి దొరా, బతుకుతుంది. మొదట్లోనే కొమ్మ అడిగి ఉంటే ఆ రోజే ఇచ్చేదాన్ని."